కోరల సెట్టు

ముఖం చూసి మనిషిని గుర్తుపట్టడం అందరూ చేసే పనే. అందులో గొప్పేమీ లేదు. పళ్ళ మేస్త్రి దవడ చూసి గుర్తుపట్టేవాడు. అదీ మీసం, బుగ్గ, పెదవి లాంటి అడ్డాలేవీ లేకుండా, తెల్లటి ప్లాస్టరులో పోతపోసిన ఉత్త దవడ. ఆయన పనిగదిలో మూడు అరల నిండా అలాంటి దవడలే నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఒక అడుగు వెనక్కి వేస్తే, "భయపడకండి, కరవవు. కరవలేకే ఇక్కడికొచ్చాయి" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే మాట, దాని వెనక అదే నవ్వు. వినేవాళ్ళకి కొత్త కాబట్టి చెప్పేవాడికి పాతబడలేదు.

ఆ పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ళు తక్కువ. డాక్టరు రోగి నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీస్తాడు. ఆ అచ్చు ఒక అట్టపెట్టెలో మేస్త్రి దగ్గరికి వస్తుంది. మేస్త్రి అందులో ప్లాస్టరు పోసి దవడ తీస్తాడు. దానిమీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నాటి, తర్వాత ఆ మైనాన్ని వేణ్ణీళ్ళతో కరిగించి, ఖాళీ అయిన చోట గులాబిరంగు ముద్ద కూరి, ఉడికించి, చక్రం మీద మెరుగుపెట్టి తిరిగి పంపుతాడు. రోగి అద్దంలో చూసుకుని, "ఎంతైనా డాక్టరుగారి చెయ్యి మంచిది" అంటాడు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఏ దేశం వెళ్ళి ఏ కోట చూసినా గుమ్మం మీద రాజు పేరే చెక్కి ఉంటుంది. సున్నం కలిపినవాడి పేరు ఎక్కడా ఉండదు. మిగతా అన్ని విషయాల్లో కొట్టుకు చచ్చే దేశాలన్నీ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి.

అట్టపెట్టె మీద అంకె తప్ప రోగి పేరు ఉండేది కాదు. మేస్త్రికి అంకెలు గుర్తుండవు. అందుకని దవడకే పేరు పెట్టుకునేవాడు. వెడల్పుగా ఉన్నది పెద్దగుమ్మం, ఒకపక్కకి ఒరిగింది ఎడంవాటం, లోతుగా అరిగిపోయింది పల్లం. ప్లాస్టరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోమని భార్య వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. "కన్నకొడుకు నుదుటిమీద పేరు రాసుకుంటామా?" అనేవాడు. వాళ్ళకి కొడుకులు లేరు కాబట్టి ఆ వాదనని పరీక్షించే అవకాశం ఆమెకి రాలేదు.

ఆ ఏడాది మేస్త్రికి మిగిలింది ఒక్క డాక్టరే. మిగతా ముగ్గురూ ఊరవతల కొత్తగా పెట్టిన కంప్యూటర్ ల్యాబుకి మారిపోయారు. అక్కడ దవడని తెరమీద తిప్పి చూసి, మిషనుతో పళ్ళు చెక్కిస్తారట. ఉన్న ఒక్క డాక్టరుకీ ఆ ఆలోచన లేకపోలేదు గాని, ఆయనకి చీటీలు రాయడం సరదా, కంప్యూటర్ ల్యాబువాళ్ళు చీటీలు తీసుకోరు. అలా మేస్త్రి బతుకు ఆ చీటీల మీద నిలబడింది.

ఆ నిలబడ్డ బతుకుని ఊపడానికే అన్నట్టు వచ్చింది ఒక దవడ. ఎవరో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అని మాత్రం తెలుసు. మేస్త్రి దానికి మొండిగట్టు అని పేరు పెట్టాడు. మొదటి సెట్టుకి డాక్టరు చీటీ: పళ్ళు చిన్నవిగా ఉండాలి. మేస్త్రి చిన్నవి పెట్టాడు. నొప్పి అంటూ తిరిగొచ్చింది. రెండో చీటీ: పెద్దవిగా, నవ్వితే కనపడేటట్టు. పెట్టాడు. మాట తిరగడం లేదంటూ వచ్చింది. మూడో చీటీ: లోపలికి. నాలుగో చీటీ: మూడోదానికంటే బయటికి, రెండోదానికంటే లోపలికి. ఈ నాలుగో చీటీని మేస్త్రి అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, అక్షరం తప్పకుండా పాటించాడు. అదీ తిరిగొచ్చింది. దాని వెనకాలే డాక్టరు ఫోనూ వచ్చింది. ఐదోదానికి మధ్యలో మైనం సెట్టు రోగి నోట్లో పెట్టి చూసేది లేదు, నేరుగా తయారుచేసి పంపు, అదీ కుదరకపోతే ఇక నా దగ్గరనించి పెట్టెలు రావు, కంప్యూటర్‌కే పోతాయి అని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పినందుకే మేస్త్రికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. తిట్టే మనిషి రేపు మళ్ళీ తిట్టడానికైనా పిలుస్తాడు. మర్యాదకి వాయిదాలుండవు.

సరిగ్గా ఈ వారంలోనే లైబ్రరీ ఆయనకి రక్తపిశాచాల మీద ప్రేమ పుట్టింది.

లైబ్రరీ ఆయన మేస్త్రికి పాతికేళ్ళ స్నేహితుడు. చదవగా చదవగా ఆయనకి ఏ విషయమూ పూర్తిగా తెలియకుండా పోయింది. ప్రతి రోజుకీ ఏదో ఒక దినోత్సవం ఉంటుందని కనిపెట్టి, వాటి పట్టిక ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవాడు. గొడుగుల దినం, గుండీల దినం, ఉత్తరాలు రాయని దినం. ఆదివారం రక్తపిశాచుల దినమట. అది ఏ దేశంలో పుట్టిందో, ఎవరు పెట్టారో అడిగితే, "పిశాచాలకి దేశమేమిటయ్యా" అని తప్పించుకున్నాడు. మిత్రులంతా కలిసి సరదాగా జరుపుకోవాలని, ఎలా జరుపుకోవాలో కూడా కాగితం మీద రాసుకొచ్చి టైలరు కొట్లో చదివి వినిపించాడు. పగలు పన్నెండింటికి మొదలు. నల్లటి అంగవస్త్రాలు. కోరలు. చీకటి గది. అద్దాలకి ముసుగులు. ఎర్రటి పానీయాలు, ఎర్రటి తిండి. చీట్లు తీసి ఒకణ్ణి రహస్యంగా పిశాచిని చేస్తే, వాడు ఎవరి మెడ గిల్లుతాడో తక్కినవాళ్ళు పట్టుకునే ఆట.

టైలరు మూడోవాడు. ఆయన్ని కత్తెర అని పిలిచేవారు, చేతిలోదానికంటే నోటిలోది పదునని. విచిత్రమేమిటంటే ఆ నోట్లో ఒక్క పన్ను లేదు. ఎప్పటిదో అరిగిపోయిన పాత సెట్టు ఒకటి ఉండేది, అది ఆయన మాట్లాడేటప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వెంట నడిచేది.

"పగలు పన్నెండింటికి పిశాచాలేంట్రా?" అన్నాడు కత్తెర.

"రాత్రి పూట నీకు కళ్ళు కనపడవు, నాకు ఏడింటికే నిద్రొస్తుంది, మేస్త్రి ఎనిమిదిలోపు ఇంట్లో ఉండాలి" అన్నాడు లైబ్రరీ ఆయన. "మనకి కుదిరే చీకటి మధ్యాహ్నమే."

మేస్త్రి భార్య ఆసుపత్రిలో లాండ్రీ విభాగం చూసేది. ఆమెకి ఈ సంగతి చెప్పినప్పుడు కూర కలుపుతూ, "వారమంతా రక్తం మరకలే ఉతికిస్తాను. ఆదివారం ఇంట్లో కూడా పెట్టారన్నమాట. మంచిది, చెయ్యి అలవాటు తప్పదు" అంది. అంతటితో అనుమతి దొరికినట్టేనని మేస్త్రి లెక్కవేసుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అంతకంటే స్పష్టమైన అనుమతి ఆయనకి ఎప్పుడూ దొరకలేదు.

రక్తపిశాచి గురించి రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి, అన్నీ దాని ఆకలి గురించే రాశాయి. కొన్ని ప్రాంతాల్లో దాన్ని ఆపడానికి గుమ్మం ముందు గింజలు చల్లేవారట. పిశాచి ఒక్కొక్క గింజా లెక్కపెడుతూ తెల్లవారేదాకా అక్కడే కూలబడుతుందట. చదివినప్పుడు నవ్వొస్తుంది గాని, ఏ ఆఫీసుకైనా వెళ్ళి ఏ బల్లముందైనా నిలబడి చూస్తే అది కల్పన కాదని తెలుస్తుంది. ఇంతకీ మన ముగ్గురిలో కాస్త సామాజిక స్పృహ ఉన్నది లైబ్రరీ ఆయనకే. తాగడం తర్వాత, ముందు ఇద్దాం అని శనివారం పొద్దున మిగతా ఇద్దర్నీ రక్తనిధికి లాక్కెళ్ళాడు. అక్కడి నర్సు ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టి చూసింది. ఒకరికి బీపీ, ఒకరికి షుగరు, మూడోవారికి రక్తమే తక్కువ. పండగ పేరు చెప్పగానే ఆమె నవ్వాపుకుంటూ ముగ్గురికీ తలో బిస్కెట్ పాకెట్టు ఇచ్చి పంపేసింది. ఇవ్వడానికి పనికిరాని రక్తం మోసుకుంటూ ముగ్గురు పిశాచాలు బస్సెక్కి ఇళ్ళకి వచ్చారు.

కోరల పని మేస్త్రిది. తనకీ లైబ్రరీ ఆయనకీ తేలిక, ఉన్న పళ్ళమీద తొడుక్కునే రెండేసి తొడుగులు చాలు. కత్తెరకి మాత్రం తొడగడానికి కింద ఆధారం లేదు. అందుకని మొత్తం సెట్టే కొత్తగా చెయ్యాలనుకున్నాడు, పైవరసలో రెండు కోరలతో. ఆ సోమవారమే కత్తెర నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీసి, దవడ పోసి, అరలో మొండిగట్టు పక్కన ఆరబెట్టాడు.

ఆ వారం మేస్త్రి రెండు సెట్లు చేశాడు. ఒకటి భయంతో, ఒకటి నవ్వుతో. భయంతో చేసింది మొండిగట్టుకి ఐదోది. ఎదురుగా గోడకి డాక్టరు చీటీ అంటించుకుని, ప్రతి పన్నుకీ ఒకసారి చీటీ వైపు చూస్తూ నాటాడు. నవ్వుతో చేసింది కత్తెర సెట్టు. దానికి చీటీ లేదు, డాక్టరు లేడు. దవడని అరచేతిలో పెట్టుకుని గట్టు ఎటు వాలితే పళ్ళు అటు వాల్చాడు. ఎక్కడ లోతుంటే అక్కడ కూరాడు, ఎక్కడ పలచనైతే అక్కడ వదిలాడు. పాతకాలంలో, ఇంకా చీటీలు రాసే డాక్టర్లు పుట్టకముందు, ఆయన గురువు నేర్పిన పద్ధతి అది. చివర్లో రెండు కోరపళ్ళని ఇంత పొడుగున లాగి, తనలో తాను నవ్వుకున్నాడు. శుక్రవారం మొండిగట్టు సెట్టు డాక్టరుకి పంపేశాడు. శనివారం సాయంత్రం ఆమెకి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్.

ఆదివారం మధ్యాహ్నం పనిగది కిటికీకి దుప్పటి కట్టారు. కత్తెర తన కొట్లో మిగిలిన నల్ల లైనింగు గుడ్డతో అందరికీ అంగవస్త్రాలు కుట్టుకొచ్చాడు. మేస్త్రి భార్య టమాటా సూపు ఒక గిన్నెడు, ఎర్ర షర్బతు ఒక జగ్గుడు బల్లమీద పెట్టి, తనకీ ఒకటి కుట్టినందుకు పైకి విసుక్కుంటూనే తొడుక్కుంది. అద్దాలకి ముసుగులు వెయ్యాల్సిన అవసరం రాలేదు. ఆ గదిలో అద్దం ఒక్కటే ఉంది, దానిమీద ముప్పై ఏళ్ళ ప్లాస్టరు ధూళి ఉంది. వెల్లుల్లి గుమ్మానికి కట్టాలా వద్దా అన్న చర్చ కాసేపు నడిచింది. మనమే పిశాచాలమైతే మనం లోపలికెలా వస్తామని లైబ్రరీ ఆయన అనేసరికి ఆగిపోయింది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. అందరూ పిశాచాలే, రక్తం ఇవ్వడానికి మనిషి ఒక్కడూ లేడు. ఎవరూ ఒప్పుకోలేదు. జీవితమంతా ఆ పాత్రే వేశామని, ఒక్క పూటైనా రెండోవైపు ఉండాలని అందరిదీ ఒకటే మాట.

అప్పుడు మేస్త్రి ఎర్రగుడ్డ కప్పిన పళ్ళెంలో కత్తెర సెట్టు తెచ్చాడు. కత్తెర పాత సెట్టు తీసి జేబులో వేసుకుని కొత్తది పెట్టుకున్నాడు. పెట్టుకున్నంతసేపు పట్టలేదు బయటికి తియ్యడానికి.

"ఇదేం పిశాచంరా, నన్నే కరుస్తోంది" అన్నాడు దవడ పట్టుకుని.

మేస్త్రికి కోపం వచ్చింది. తన చేతిపని గురించి డాక్టరు ఏమన్నా పడతాడు, డాక్టరు కాబట్టి. టైలరు అంటే పడడు. సరిగ్గా పెట్టుకోవడం రాదు నీకు అన్నాడు. పుట్టినప్పుడు ఎవడూ నేర్పలేదు అన్నాడు కత్తెర. రుజువు చేస్తానని మేస్త్రి అరలోంచి కత్తెర దవడ తీసి, సెట్టు దానిమీద పెట్టి చూపించబోయాడు. అది కుర్చీకాలు పొట్టైనట్టు టకటకా ఊగింది.

ఆయన చెయ్యి దానంతట అదే పక్కనున్న మొండిగట్టు మీదికి వెళ్ళింది. సెట్టు దానిమీద పెట్టాడు. చప్పుడు లేకుండా, తాళంలో తాళంచెవిలా కూర్చుంది.

"ఏమైంది?" అంది భార్య.

మేస్త్రి కోరలతోనే సమాధానం చెప్పాడు. ఆ రెండు దవడలూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయని, తాను తారుమారు చేశానని, డాక్టరుకి పంపింది కత్తెర దవడ మీద చేసిన సెట్టని, అది నిన్న సాయంత్రం ఆ హెడ్‌మిస్ట్రెస్ నోట్లో పెట్టే ఉంటారని, అది కుదిరే మాట కల్ల అని. తన పని అయిపోయిందని మాత్రం చెప్పలేదు. అది చెప్పకుండానే అందరికీ తెలిసింది. ముఖం మర్చిపోతానేమోగాని దవడ మర్చిపోనని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆయన. పెన్సిలు గుర్తు గురించి భార్య ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు. ఆమె అనలేదు. అంటే బాగుండేది.

అప్పుడే తలుపు తట్టిన చప్పుడైంది.

తలుపు తీసింది లైబ్రరీ ఆయన, నల్ల వస్త్రంతో, కోరలతో. బయట ఒక పెద్దావిడ. ఇస్త్రీ మడత చెదరని చీర, చేతిలో మూటగా కట్టిన రుమాలు, నోటికి అడ్డంగా ఇంకో రుమాలు. ఆవిడ ఆయన్ని నఖశిఖపర్యంతం చూసింది. భయపడలేదు. జీవితమంతా స్కూలు నడిపినవాళ్ళకి మామూలు పిశాచాలు కంటికి ఆనవు.

"పళ్ళు చేసేదెవరు?" అంది.

ఆ గదిలోకి రోగి అనే మనిషి రావడం ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదలు. నాలుగో సెట్టప్పుడు ఆవిడ డాక్టరునడిగితే, తప్పు చేసేది వాడే, నేను కాదు అని చిరునామా ఎంతో సంతోషంగా ఇచ్చాడట. రెండ్రోజుల్లో అలవాటవుతుందని డాక్టరు నిన్న పెట్టి పంపిన ఐదో సెట్టుని ఆవిడ రుమాలు విప్పి బల్లమీద పెట్టింది. సోమవారం పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్ళి ఈ విషయం తేల్చేస్తానని, అంతకంటే ముందు తన నోటిని ఇన్నాళ్ళు హింసించిన మనిషిని ఒకసారి చూసిపోదామని వచ్చానని చెప్పింది. తక్కువ మాటల్లోనే చెప్పింది, పళ్ళు లేవు కాబట్టి. చెప్పి గదంతా ఒకసారి కలయజూసింది. చూపు ఒక మూల ఆగింది.

ఆ మూల కత్తెర గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నల్ల వస్త్రంలో ఆయన వెనక భాగం చాలా అమాయకంగా ఉంది.

"మా అక్క" అన్నాడు గోడతోనే.

కత్తెరకి ఒక అక్క ఉందని, తొమ్మిదేళ్ళుగా మాటల్లేవని మిత్రులకి తెలుసు. కారణం కూడా తెలుసు. ఆవిడ కుట్టించుకున్న జాకెట్టు ఒకటి చెయ్యి బిగువని, వదులని, మళ్ళీ బిగువని నాలుగుసార్లు తిప్పి పంపితే, ఇక నీ గుడ్డ నా మిషను ఎక్కదని ఈయనన్నాడు. ఎక్కకపోతే పోయిందని ఆవిడంది. రాజ్యాలు ఇంతకంటే చిన్న విషయాలకి తగలబడ్డాయి. ఆ అక్క హెడ్‌మిస్ట్రెస్ అని మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేస్త్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పళ్ళులేని ఆ రెండు నోళ్ళూ ఒకేలా లోపలికి పోయి, ఆ రెండు గెడ్డాలూ ఒకేలా ముందుకొచ్చి ఉన్నాయి. ఒకే తల్లి పోసిన పోత. దవడలు తారుమారైనందుకు ఆయనకి సిగ్గు కాస్త తగ్గింది. దాంతోపాటు ధైర్యమూ వచ్చింది. పోయేదెలాగూ పోతోంది అనుకున్నాడు.

"ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి మేడం. ఇంకో సెట్టుంది. పెట్టుకు చూడండి."

ఆవిడ ఆ సెట్టు చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఇదేంటి?"

"కోరలు. వాటిని చూడకండి. తర్వాత అరగదీస్తాను."

"ఇది ఇంతకుముందు ఎవరి నోట్లో ఉంది?"

అందరూ మూలకి చూశారు.

"కడగండి" అంది ఆవిడ. మేస్త్రి భార్య వేణ్ణీళ్ళతో కడిగి తెచ్చింది. "మళ్ళీ" అంది. మూడోసారికి గాని తృప్తిపడలేదు. అప్పుడు రుమాలు చాటున సెట్టు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దవడ ఇటూ అటూ కదిపింది. మేస్త్రి ముందుకు వంగి చూశాడు. ఆయన నోట్లో కోరలున్నాయన్న సంగతి ఆయనకే గుర్తులేదు. పని నిలబడటమా పోవడమా అన్నది అప్పుడు ఆ మూసిన పెదాల వెనక ఉంది.

ఆవిడ కళ్ళు తెరిచింది. రుమాలు దించింది.

"ఒరేయ్ చిన్నాడా, ఆ అంచు చూశావా? వంకరగా కుట్టి సిగ్గులేకుండా భుజాన వేసుకు తిరుగుతున్నావు."

మాట గంటకొట్టినట్టు వచ్చింది. ఒక్క అక్షరం జారలేదు. పళ్ళు ఊడిన ఈ రెండేళ్ళలో ఆవిడ నోటినించి జారకుండా వచ్చిన మొదటి మాట అది, తొమ్మిదేళ్ళలో తమ్ముడితో అన్న మొదటి మాట.

కత్తెర ఇటు తిరిగాడు. ఆవిడ పెదవుల మీంచి రెండు కోరలు కనిపిస్తున్నాయి. "చిన్నప్పటినించీ చెబుతున్నాను, ఎవరు విన్నారు? ఇప్పుడందరూ చూడండి" అన్నాడు. మేస్త్రి భార్య మొదట నవ్వింది. తర్వాత ఆగడం ఎవరి వల్లా కాలేదు. ఆవిడ కూడా నవ్వబోయి, సెట్టు ఊడుతుందేమోనని అలవాటుగా పెదాలు బిగించి, ఊడలేదని తెలిసి మళ్ళీ నవ్వింది.

కాసేపటికి ఆవిడ సూపు గిన్నె పక్కనున్న జామకాయ తీసుకుని కొరికింది. కొరికిన చోటు చూసుకుంది. రెండు లోతైన గాట్లు పడి ఉన్నాయి. నమిలి మింగాక మేస్త్రిని అడిగింది. "ఐదుసార్లు ఎందుకు కుదరలేదు?"

చెప్పడానికి అబద్ధాలు చాలా ఉన్నాయి. ప్లాస్టరు మంచిది రాలేదనొచ్చు, వాతావరణం అనొచ్చు. మేస్త్రి కోరలు తీసి జేబులో వేసుకున్నాడు.

"ఐదుసార్లూ చీటీ చూసి చేశాను మేడం. దీన్ని దవడ చూసి చేశాను. అదీ మీదని తెలియక."

ముప్పై ఏడేళ్ళపాటు చెప్పినట్టు వినండి అని పిల్లలకి చెప్పిన మనిషి ఆవిడ. జామకాయ ఇంకో ముక్క కొరికి నిదానంగా నమిలింది.

తర్వాత మేస్త్రి చక్రం తిప్పి కుడికోర అరగదీశాడు. ఎడమది మొదలుపెట్టబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. అది అలాగే ఉండనివ్వమంది. రేపు దానితోనే డాక్టరు దగ్గరికి వెళ్తుందట.

మేస్త్రి చక్రం ఆపేశాడు. "నా పొట్ట కొట్టకండి మేడం. అది చూశారంటే ఇంకేం చెప్పక్కర్లేదు, రేపే నా పని కంప్యూటర్‌కి పోతుంది."

"చూస్తే కదా" అంది ఆవిడ. "ఐదు సెట్లు పెట్టాడాయన. ఎన్నిసార్లు చూశాడో నాకూ తెలియాలి."

ఎంత బతిమాలినా వినలేదు. మొండిగట్టు అని పేరు ఊరికే పెట్టలేదని మేస్త్రికి అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున్నించీ మేస్త్రి ఏ పనీ ముట్టుకోలేదు. ప్లాస్టరు కలిపాడు, అది బొచ్చెలోనే గట్టిపడిపోయింది. భార్య డ్యూటీకి వెళుతూ, పని పోతే లాండ్రీలో ఇద్దరు మనుషులు కావాలంటున్నారని, మరకలు చూసి మనిషిని పోల్చే అవకాశం అక్కడా ఉంటుందని ఓదార్చి వెళ్ళింది. పదకొండింటికి ఫోను మోగింది. డాక్టరు. మేస్త్రి నిలబడి మాట్లాడాడు.

డాక్టరు చాలా ఉత్సాహంగా ఉన్నాడు. సెట్టు అద్భుతంగా కుదిరిందన్నాడు. ఆవిడ మాట గంటలా వస్తోందన్నాడు. "చూశావా, నా చీటీ తు.చ. తప్పకుండా చేస్తే ఎలా వస్తుందో? మొదటినించీ ఇదే చెబుతున్నాను నీకు" అన్నాడు. ఇకమీదట అన్నీ ఈ పద్ధతిలోనే చెయ్యమని, ఐదు పెట్టెలు పంపుతున్నానని పెట్టేశాడు. మేస్త్రి ఫోను పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడ్డాడు. బతికిపోయానన్న సంతోషం వెంటనే వచ్చింది. దాని వెనకాల ఇంకేదో కూడా వచ్చింది, దానికి పేరు దొరకలేదు.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. కత్తెర అప్పటికే అక్కడున్నాడు. డాక్టరు చీటీ ప్రకారం తన దవడ మీద తయారైన ఐదో సెట్టు పెట్టుకుని, అది ఎక్కడెక్కడ గుచ్చుకుంటోందో మేస్త్రికి వివరిస్తున్నాడు. అక్కని చూసి లేచాడు గాని వెళ్ళలేదు.

ఆవిడ పొద్దుటి సంగతి చెప్పింది. డాక్టరు ఆవిణ్ణి కుర్చీలో వెనక్కి వాల్చాడట. దీపం వేశాడట. నోరు తెరవమన్నాడట. ఒక చేత్తో ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ, ఇంకో చేత్తో అద్దం పెట్టి, బ్రహ్మాండం బ్రహ్మాండం అన్నాడట. కోర దీపం వెలుగులో మెరిసే ఉంటుంది. ఆవిడ కావాలనే పెద్దగా నవ్విందట కూడా. ఆయన తిరిగి నవ్వాడట.

"మరిక ఉంచుకో అక్కా" అన్నాడు కత్తెర. "ఎవరూ చూడని కోర ఉంటేనేం, లేకపోతేనేం."

ఆవిడ సెట్టు తీసి మేస్త్రి చేతిలో పెట్టింది. రుమాలు నోటికి అడ్డంగా పట్టుకుని చెప్పింది.

"అరగదీసెయ్యండి. దాని పని అయిపోయింది. డాక్టరు చూడలేదు గాని, బస్సులో ఎదురుసీటు పిల్లది చూసింది. మళ్ళీ చూపించమంటూ నా ఒళ్ళోకెక్కి, దిగేదాకా లేవనంది."

మేస్త్రి చక్రం తిప్పాడు.